వ్రతానికి అర్థం చెప్పేదెవరు?

మాట ఇచ్చేటప్పుడు దాని హద్దులన్నీ ఎవరూ వివరంగా చెప్పుకోరు. అది తిండి గురించిన మాటైతే, తెలియని వంటకం ఎదురైనప్పుడు ఆ హద్దు ఎక్కడుందో తేల్చుకోవలసి వస్తుంది. 1888లో బారిస్టరు చదువు కోసం లండన్ వెళ్లిన గాంధీకి ఈ ప్రశ్న భోజనం బల్ల దగ్గరే ఎదురైంది. మద్యం, మగువ, మాంసం ముట్టనని జైన సాధువు బేచర్జీ స్వామి సమక్షంలో తల్లి పుత్లీబాయికి ప్రమాణం చేసి ఆయన బయలుదేరాడు.

ఆయన చేత ఎలాగైనా మాంసం తినిపించాలనుకున్న ఒక మిత్రుడు, నాటకానికి వెళ్లబోయే ముందు హోల్బర్న్ రెస్టారెంటుకు తీసుకెళ్లాడు. అంత పెద్ద చోట మొహమాటపడి ఏమీ అడగడని అతని అంచనా. మొదట సూపు వచ్చింది. అది కూరగాయలదేనా అని కనుక్కోవడానికి గాంధీ సర్వరును పిలిచాడు. నలుగురిలో మసలడం చేతకానివాడివంటూ మిత్రుడు మండిపడి, ఇంకెక్కడైనా తినమని పంపేశాడు. దగ్గర్లోని శాకాహార భోజనశాల మూసి ఉంది. గాంధీ ఆ రాత్రి పస్తుతోనే నాటకం చూశాడు.

బౌద్ధ భిక్షువుల నియమావళి అయిన పాలీ వినయ పిటకం ఈ విషయాన్ని మరోలా చూస్తుంది. తన కోసమే ప్రాణిని చంపారని చూడకపోతే, వినకపోతే, అనుమానించకపోతే భిక్షువు మాంసం స్వీకరించవచ్చు. కొన్ని జంతువుల మాంసానికి మాత్రం అనుమతి లేదు. అక్కడ విచారణ ప్రధానంగా ప్రాణి ఎవరి కోసం చచ్చిందన్నదాని మీద సాగుతుంది. గాంధీ ప్రమాణంలో పదార్థమే నిషిద్ధం. అందుకే అందులో ఏముందో అడిగి తెలుసుకునే బాధ్యత తినేవాడి మీద పడింది.

అడిగినా చిక్కు తీరలేదు. ఇంగ్లండులో మాంసానికి మూడు నిర్వచనాలు ఆయనకు వినిపించాయి. మొదటిది పశుపక్ష్యాదుల మాంసమే మాంసమంటుంది. దాని ప్రకారం చేపలు తినవచ్చు. రెండవది ప్రాణులన్నిటి మాంసాన్నీ వద్దంటుంది, గుడ్లకు అడ్డు చెప్పదు. మూడవది గుడ్లు, పాలు కూడా కూడదంటుంది. గుడ్డు తింటే ప్రాణహింస లేదన్న వాదానికి లొంగి ఆయన కొంతకాలం గుడ్లు తిని మానేశాడు. తల్లి దృష్టిలో గుడ్డు కూడా మాంసమే కాబట్టి తనకు అదే కట్టుబాటు అని తేల్చుకున్నాడు. ప్రమాణం చేయించినవారు నిజాయితీగా ఏ అర్థంలో తీసుకున్నారో అదే చెల్లాలి. రెండర్థాలకు చోటుంటే బలహీనుడి పక్షాన ఉన్నది చెల్లాలి. ఆత్మకథలో ఆయన చెప్పిన సూత్రాలివి.

ఈ సూత్రాలకు అసలు పరీక్ష పాల విషయంలో వచ్చింది. 1912లో దక్షిణాఫ్రికాలో ఆయన పాలు తాగనని వ్రతం పట్టాడు. 1918లో ఖేడాలో సైనికుల్ని చేర్పించే పనిలో తిరిగి తీవ్రంగా జబ్బుపడ్డాడు. పాలు తాగితేగానీ కోలుకోలేడన్నప్పుడు, మేకపాలకు అభ్యంతరం ఉండనక్కర్లేదు కదా అని భార్య కస్తూర్బా అంది. వ్రతం పట్టినప్పుడు తన మనసులో ఉన్నవి ఆవు, గేదె పాలే కాబట్టి ఆయన మేకపాలు తాగాడు. అక్షరాన్ని పట్టుకుని వ్రతం ఆత్మను చంపానని తర్వాత బాధపడ్డాడు.

వ్రతం పట్టిన నాటి ఉద్దేశాన్నే చూస్తే మేకపాలు తాగడం తప్పు కాదు. అయినా ఆయన మనసు ఒప్పుకోలేదు. లండన్‌లో అర్థం నిర్ణయించింది తల్లి. అందువల్ల తన ఆకలికి అందులో ప్రమేయం లేకపోయింది. పాల వ్రతానికి ఎదుటి పక్షం లేదు. అర్థం చెప్పేదీ, దానివల్ల లాభపడేదీ ఒక్కరే. అలాంటప్పుడు తనకు సౌకర్యంగా ఉన్న అర్థాన్నే ఎక్కువగా అనుమానించాలి.