“చాలు” అనే మాట



ముందుగా ఒక ఒప్పుకోలు. ఈ ఏడాది శ్రమ దినాలలో నేను ఉపవాసం ఉన్నానని కాలిఫోర్నియాలోని మా డబ్లిన్ సహవాసంలో చాలామంది అనుకున్నారు. ఒక ఆదివారం ఆరాధన తర్వాత భోజనాల దగ్గర నేను ప్లేటు తీసుకోకపోవడం చూసి, “ఏం బ్రదర్, ఉపవాసమా?” అని ఒకరు అడిగారు. నేను నవ్వి తల ఊపాను. ఆ తల ఊపడం నలభై రోజులు నడిచింది. ఒక అంకుల్ అయితే యౌవనస్థుల కూడికలో నన్ను మాదిరిగా చూపించారు. నిజానికి నేను ఉపవాసం లేను. శ్రమ దినాలు మొదలవడానికి రెండు వారాల ముందు బరువు తగ్గడం కోసం కడుపుకు ఆపరేషన్ చేయించుకున్నాను. అందరిలా తినాలనుకున్నా తినలేని స్థితిలో ఉన్నాను.

నాకు ముప్పై ఆరేళ్ళు. సాఫ్ట్‌వేర్ పని. ఆరేళ్ళుగా షుగర్ ఉంది. మన దక్షిణాసియా వాళ్ళకు ఇతరులకన్నా తక్కువ బరువులోనే షుగర్ వస్తుందని డాక్టర్లు చెబుతారు. అందుకే 2022లో ఈ ఆపరేషన్ల నిపుణుల సంఘాలు 1991 నాటి పాత నియమాలను మార్చినప్పుడు, బి.ఎం.ఐ. 35 దాటినవారికి వేరే జబ్బులు లేకపోయినా ఆపరేషన్ సూచించవచ్చని, ఆసియా వాళ్ళకు ఆ హద్దు 27.5 అని అన్నాయి. నాది 38. డైటింగ్, జిమ్, ఉపవాస ప్రార్థనలు, అన్నీ అయ్యాయి. తగ్గిన ప్రతిసారీ అంతకు రెండింతలు తిరిగి వచ్చింది.

నాకు చేసింది స్లీవ్ ఆపరేషన్. కడుపులో దాదాపు 80 శాతం తీసేసి, మిగిలినదాన్ని అరటిపండు ఆకారంలో సన్నని గొట్టంలా ఉంచుతారు. తీసేసిన భాగంలోనే ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారవుతుంది. అంటే కడుపు చిన్నదవడమే కాదు, చాలామందికి కొన్నాళ్ళపాటు ఆకలి కూడా తగ్గిపోతుంది.

మరి ఇందులో దాచుకోవలసింది ఏముంది? దాచుకున్నాను, ఎందుకంటే సిగ్గు. “ప్రార్థన చేసుకుని నోరు కట్టుకుంటే సరిపోయేదానికి కోత ఎందుకు?” అని ఎవరైనా అంటారని భయం. అంతకన్నా ముందు ఆ మాట నాకు నేనే అనుకున్నాను. ఆశానిగ్రహం ఆత్మ ఫలమని చిన్నప్పుడు సండే స్కూల్లో బట్టీ పట్టాం. ఆత్మ ఫలించవలసిన చోట సర్జన్ కత్తి పని చేస్తే అది ఆశానిగ్రహం అవుతుందా? తినలేనివాడు తినకపోవడంలో నీతి ఏముంది? ఈ రోజుల్లో వారానికోసారి ఆకలి తగ్గే ఇంజెక్షన్ తీసుకుంటున్న మనవాళ్ళు కూడా ఎందరో ఉన్నారు. వాళ్ళకూ ఈ ప్రశ్న ఉండే ఉంటుంది.

ఆపరేషన్ అయిన మొదటి వారాల సంగతి చెబుతాను. ఆసుపత్రిలో 30 మిల్లీలీటర్ల చిన్న ప్లాస్టిక్ కప్పులు ఇచ్చారు. ఒక్కో కప్పు నీళ్ళు పావుగంటసేపు చప్పరిస్తూ తాగాలి. మొదట పలచటి ద్రవాలు, తర్వాత ప్రోటీన్ పానీయాలు, పలచటి మజ్జిగ, ఆ తర్వాత మెత్తగా రుబ్బిన పప్పు, గుడ్డు. రోజుకు కనీసం 60 గ్రాముల ప్రోటీన్ అందాలి. తిన్న తర్వాత అరగంట దాకా నీళ్ళు ముట్టకూడదు. ఇవి నాకు చెప్పిన నియమాలు. ఒక్కో ఆసుపత్రి పద్ధతి కొంచెం వేరుగా ఉంటుంది కాబట్టి ఎవరైనా తమ డాక్టరు మాటే వినాలి.

నన్ను ఆశ్చర్యపరచింది ఏమిటంటే, ఆ రోజుల్లో నాకు ఆకలీ సరిగా తెలియలేదు, కడుపు నిండడమూ తెలియలేదు. ద్రవాలు ఎక్కడా ఆగకుండా జారిపోయేవి. లోపల వాపు, గాయం. కడుపు చెప్పే మాటలు నాకు అర్థమయ్యే భాషలో లేవు. “మీకు ఏమనిపిస్తుందో దాన్ని ఇప్పుడు నమ్మకండి, చెంచా లెక్కను నమ్మండి” అంది డైటీషియన్. నాలుగు చెంచాలంటే నాలుగే. ఇంకా తినగలను అనిపించినా ఆపేయాలి. నాకున్నది తలలో ఆకలి. సాయంత్రం ఐదు కాగానే చేయి దానంతట అదే చిరుతిళ్ళ డబ్బా వైపు వెళ్ళేది. ఆఫీసు మీటింగ్ చెడిపోతే మిక్చరు గుర్తొచ్చేది. కడుపులో ఆకలి లేదు, అయినా తినాలని ఉంది. ఇన్నేళ్ళూ నేను తిన్నదాంట్లో ఎంత భాగం ఆకలికి తిన్నానో అప్పుడు ఆలోచించాను. ఎమరాల్డ్ గ్లెన్ పార్కులో నడుస్తూ ఆ లెక్క వేసుకుంటే తల దించుకోవాల్సి వచ్చింది.

ఐదో వారంలో ఒక శనివారం సాయంత్రం గృహ కూడిక. ఆతిథ్యమిచ్చిన ఆంటీది ఒంగోలు దగ్గర పల్లెటూరు. ప్రార్థన అయ్యేసరికి ఏడైంది. ఆంటీ పలావు, మాంసం కూర వడ్డించిన ప్లేటుతో నా దగ్గరికే వచ్చింది. “పొద్దుటినుంచి ఉపవాసం కదా నాయనా, పొద్దు గూకింది, ఇక తిను. నీకోసమే మెత్తగా ఉడకబెట్టాను.” నా అబద్ధంలో సాయంత్రం ఏడు గంటల గురించి ఆలోచించలేదు. కాదనలేక తిన్నాను. పక్కవాళ్ళతో మాట్లాడుతూ, సరిగా నమలకుండా ఐదారు ముద్దలు.

మామూలుగా తిన్న సంగతి కడుపు నుంచి నరాల ద్వారా, హార్మోన్ల ద్వారా మెదడుకు పూర్తిగా చేరడానికి దాదాపు ఇరవై నిమిషాలు పడుతుందంటారు. నా కొత్త కడుపు అంతసేపు ఆగలేదు. నిండడం అనేది పొట్టలో తెలియలేదు. రొమ్ము ఎముక కింద రాయి పెట్టినట్టు ఒత్తిడి. వెక్కిళ్ళు, ముక్కు కారడం, నోటి నిండా నీళ్ళు. బాత్రూముకి పరుగెత్తాను. బయటికి వచ్చేసరికి ఆంటీ తలుపు దగ్గర నిలబడి ఉంది. “కూరలో ఏమన్నా తేడా చేసిందా?” అని అడిగింది. “గ్యాస్ ఆంటీ, ఏం లేదు” అన్నాను.

ఇంటికి వస్తుంటే కారులో నా భార్య అంది: “ఏమండీ, మీ కడుపు రేపటికి సర్దుకుంటుంది. ఆవిడ మాత్రం ఈ రాత్రంతా తన వంటను తిట్టుకుంటూ కూర్చుంటుంది. మీ అబద్ధం బరువు ఆవిడ మోయాలా?”

మర్నాడు వెళ్ళి ఆంటీకి అంతా చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “చెప్పుంటే జావ కాచేదాన్ని కదా” అంది. ఇంకో మాట కూడా అంది: “ఆపరేషన్ సంగతి నేనెవరికీ చెప్పను. కానీ ఉపవాసం అని నిన్ను మెచ్చుకున్నారు చూడు, ఆ మెచ్చుకోలు నీది కాదు. అది మాత్రం నువ్వే తిరిగి ఇచ్చెయ్యాలి.” ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ మాటే.

ఆంటీ అంతగా ఎందుకు వడ్డిస్తుందో కూడా ఆ రోజే తెలిసింది. వాళ్ళ నాయనమ్మ ఎవరొచ్చినా “అన్నం తిన్నావా?” అనకుండా మాట మొదలుపెట్టేది కాదట. మనలో చాలామంది కుటుంబాల విశ్వాస చరిత్ర 1876-78 నాటి ధాత కరువును తాకుతూ వస్తుంది. ఒంగోలులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవారికి పని ఇచ్చాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాతే, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. అదే కరువులో ప్రభుత్వ ప్రతినిధి సర్ రిచర్డ్ టెంపుల్ సహాయపు పనుల్లోని కూలీకి రోజుకు ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యం, ఒక అణా చాలని 1877లో నిర్ణయించాడు. కష్టం చేసే మనిషికి అది చాలదని మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ వాదించాడు.

ఈ చరిత్ర చెప్పడానికి కారణం ఉంది. “చాలు” అనే మాట ఎవరు అంటున్నారన్నది ముఖ్యం. ఎదుటివాడి ఆకలికి నిండు కడుపుతో ఉన్నవాడు “చాలు” అంటే అది అన్యాయం. తన కడుపుకు తాను “చాలు” అనుకోవడం నిగ్రహం. మన పెద్దల తరాలు మొదటి “చాలు”ను భరించాయి. అందుకే వాళ్ళ ప్రేమకు “ఇంకొంచెం” అనే మాట అలవాటైంది. మేం రెండో “చాలు” నేర్చుకోకుండానే ఫ్రిజ్ నిండుగా ఉన్న దేశానికి వచ్చిపడ్డాం.

ఇక మొదటి ప్రశ్నకు వస్తాను. కత్తితో వచ్చిన హద్దు ఆశానిగ్రహం అవుతుందా? నిర్గమకాండము 16వ అధ్యాయంలో మన్నా సంగతి చూడండి. తలకు ఒక ఓమెరు అని దేవుడే కొలత పెట్టాడు. ఎక్కువ కూర్చుకున్నవారికి మిగల్లేదు, తక్కువ కూర్చుకున్నవారికి తక్కువ కాలేదు. దాచుకున్నది పురుగు పట్టింది. అంటే ఆ ప్రజలు తృప్తి నేర్చుకోకముందే దేవుడు వాళ్ళ చేతికి కొలపాత్ర ఇచ్చాడు. వాళ్ళ గుణం బాగుపడేదాకా ఆగి ఇవ్వలేదు. అలాగని కొలపాత్ర చేతిలో ఉన్నంతమాత్రాన వాళ్ళ మనసు మారిపోలేదు. సంఖ్యాకాండము 11లో అదే ప్రజలు మాంసం కోసం ఏడ్చారు. వాళ్ళను పాతిపెట్టిన చోటికి ఆశ పేరుతోనే సమాధుల పేరు వచ్చింది. ధర్మశాస్త్రం క్రీస్తు దగ్గరికి నడిపించే బాలశిక్షకుడని పౌలు గలతీయులకు రాసింది కూడా ఇలాంటిదే అనిపిస్తుంది. శిక్షకుడు చెయ్యి పట్టుకుని నడిపిస్తాడు, నడక మాత్రం పిల్లవాడు నేర్చుకోవాలి.

మా పనిలో కూడా ఒక సర్వర్ మీద మోయలేనంత భారం పడుతుంటే నిమిషానికి ఇన్ని అభ్యర్థనలే అని హద్దు పెడతాం. దానివల్ల కోడ్‌లో ఉన్న తప్పు పోదు. సర్వర్ కూలిపోకుండా ఉంటుంది, తప్పు వెతకడానికి మాకు సమయం దొరుకుతుంది. నా ఆపరేషన్ అలాంటి సమయం. అది శాశ్వతం కాదని డాక్టరు ముందే చెప్పారు. ఏడాది, ఏడాదిన్నర గడిచేసరికి ఆకలి మెల్లగా తిరిగి రావచ్చు, కడుపు కొంత సాగవచ్చు. పైగా ఐస్‌క్రీము, స్వీట్లు లాంటివి ఈ చిన్న గొట్టం గుండా కూడా సులభంగా జారిపోతాయి. ఈలోగా నేను నేర్చుకోవలసింది నేర్చుకోకపోతే కత్తి చేసిన మేలు అక్కడితో ఆగిపోతుంది.

కాబట్టి నాకు దొరికిన జవాబు ఇది. ఆపరేషన్ నాకు నిగ్రహాన్ని ఇవ్వలేదు, నిగ్రహం నేర్చుకోవడానికి చోటు ఇచ్చింది. చోటు ఇచ్చినందుకు దేవునికీ డాక్టర్లకూ కృతజ్ఞుణ్ణి. దాన్ని నా ఘనతగా చెప్పుకునే హక్కు నాకు లేదు, సిగ్గుపడవలసిన అవసరమూ లేదు. సిగ్గుపడవలసింది ఒక్కటే, ఉపవాసమని తల ఊపడం.

సంఘంగా మనకు రెండు మనవులు. లావుగా ఉన్న మనిషిని చూసి అతని ఆత్మీయత అంచనా వేయకండి. మన ప్రభువును కూడా తిండిపోతని అన్నవాళ్ళున్నారు. సన్నబడిన మనిషిని చూసి కూడా అంచనా వేయకండి, ఎందుకు సన్నబడ్డాడో మీకు తెలియదు. రెండోది, వడ్డించేముందు “ఎంత పెట్టమంటావు?” అని అడగండి. చెప్పినంత పెట్టి నమ్మండి.

ఆంటీ ఆ తర్వాతి ఆదివారం ఒక చిన్న స్టీలు గిన్నెలో మెత్తగా మెదిపిన పెసరపప్పు తెచ్చింది. పక్కకు పిలిచి, “ఎన్ని చెంచాలు?” అని అడిగింది. నాలుగు అన్నాను. నాలుగు పెట్టి మూత పెట్టేసింది. ఇరవై నిమిషాలు తిన్నాను. మూడో చెంచా తర్వాత రొమ్ము కింద చిన్న ఒత్తిడి మొదలైంది. మొదటిసారి దాన్ని అది పెద్దది కాకముందే విన్నాను. “చాలు ఆంటీ” అన్నాను. ఆవిడ మిగిలిన చెంచాడు తిరిగి గిన్నెలో వేసుకుని, “సరే నాయనా, ఇది రేపటికి” అంది. ఐదువేల మందికి ఆహారం పెట్టిన రోజు అందరూ తృప్తిగా తిన్నాక మిగిలిన ముక్కలు పోగుచేయమన్న ప్రభువు గుర్తొచ్చాడు. నిండడం తప్పు కాదు. నిండిన తర్వాత ఆగడం, మిగిలినదాన్ని దాచడం కూడా ఆ భోజనంలో భాగమే.

ఆ రోజు బల్ల ఆరాధన కూడా ఉంది. చిన్న రొట్టె ముక్క, చిన్న కప్పు. ఆసుపత్రి వాళ్ళు ఇచ్చిన కప్పు ఇంచుమించు అంతే ఉండేది. ఆ బల్ల దగ్గర ఇంకొంచెం కావాలని ఎవరూ అడగరు, నాకు తక్కువైందని ఎవరూ అనరు. ఆ రోజు అందరితో సమానంగా తిన్నాను.

దేవుడు మనకు అనుదినాహారాన్నీ, చాలు అనే మనసునూ అనుగ్రహించును గాక. ఆమేన్.