నాలుగు దినముల పనివానికి మనమేమి అచ్చియున్నాము?



మిరపకోతల కాలము వచ్చినప్పుడెల్ల ఆదోని, కోసిగి, ఎమ్మిగనూరు వైపునుండి కుటుంబములకు కుటుంబములు మూటాముల్లె కట్టుకొని గుంటూరు, పల్నాటి పొలములకు తరలివచ్చును. పిల్లలను బడి మాన్పించి వెంట తెచ్చుకొనువారును కలరు. మన సంఘములలో వారిని పిలిపించుకొను రైతులున్నారు. వారిని తోలుకొనివచ్చు ముఠామేస్త్రీలున్నారు. తాముగాని తమ బిడ్డలుగాని ఇటువంటి పనికే మరియొక ఊరికి, మరియొక దేశమునకు పోయినవారును ఉన్నారు. ఒకే బల్లయొద్ద రొట్టె పుచ్చుకొను మనము ఈ మూడు పక్షములలోను ఉన్నాము గనుక ఈ నెల ఈ సంగతినే ధ్యానింతము.

ఆరాధన ముగిసిన పిమ్మట ఒక రైతు సహోదరుడు నాతో ఇట్లనెను: “అయ్యగారూ, ఏడాది పొడుగునా ఉండే పాలేరంటే మన ఇంటి మనిషిలాంటివాడు. వాడి జబ్బూ జ్వరమూ మనమే చూసుకోవాలి. నాలుగు రోజులు కాయ కోసి పోయేవాడికి కూలి డబ్బులు చేతిలో పెడితే సరి. అంతకు మించి మనకేం సంబంధమండీ?”

ఇది దుర్మార్గుడు అడుగు ప్రశ్న కాదు. ఆ సహోదరుడు తన పాలేరును బాగుగా చూచుకొనువాడే. కొద్దికాలపు పనికి కొద్దిపాటి బాధ్యత, ఎక్కువకాలపు పనికి ఎక్కువ బాధ్యత అనునది లోకమంతటను చెల్లుచున్న లెక్క. పెద్ద పట్టణములలోని కంపెనీలు కూడ ఈ లెక్కమీదనే మనుషులను అవుట్‌సోర్సింగు పేరిట మూడు నెలలకు, ఆరు నెలలకు తీసికొని, పని తీరగానే పంపివేయుచున్నవి.

అయితే మోషే ధర్మశాస్త్రములో ఈ లెక్క తలక్రిందుగా నున్నది. ద్వితీయోపదేశకాండము 15వ అధ్యాయము చూడుడి. ఆరు సంవత్సరములు దాసుడుగా నుండినవానిని ఏడవ సంవత్సరమున వట్టిచేతులతో పంపరాదు; మందలోనుండియు, కళ్లములోనుండియు, ద్రాక్షగానుగలోనుండియు వానికి ఇచ్చి పంపవలెను. అనగా దీర్ఘకాలపు పనివాని లెక్క తీరుటకు ఆరు సంవత్సరముల గడువున్నది. అదే గ్రంథము 24వ అధ్యాయము 14, 15 వచనములలో దినకూలి సంగతి వచ్చినప్పుడు గడువు ఎంత? సూర్యుడు అస్తమించువరకే. అతడు స్వజనుడైనను సరే, పరదేశియైనను సరే. లేవీయకాండము 19వ అధ్యాయము 13వ వచనము ఇంకను కఠినముగా నున్నది. పొరుగువాని దోచుకొనకూడదనిన వచనములోనే, కూలివాని కూలి తెల్లవారువరకు నీయొద్ద నిలువరాదని వ్రాయబడినది. ఒక రాత్రి ఆలస్యమును దోపిడి ప్రక్కనే కూర్చుండబెట్టినాడు దేవుడు.

ఎందుకు? నాకు తోచినది చెప్పెదను. పాలేరుకు నేడు తక్కువ చేసినది రేపు సరిచేయవచ్చును. సంక్రాంతికి ఒక జత బట్టలు, పిల్లదాని పెండ్లికి కొంత సహాయము, ఇట్లు సంవత్సరముల పొడుగున లెక్క సర్దుకొనును. కోతకు వచ్చినవాడో, ఎల్లుండి ఏ ఊరి పొలములో నుండునో మనకు తెలియదు. వానికి చేసిన అన్యాయము సరిచేయుటకు మనకు రెండవ దినము లేదు. అతడు తిరిగివచ్చి అడుగడు, ఊరి పెద్దలయొద్ద పంచాయితీ పెట్టడు, పెట్టినను అతని పక్షమున మాటలాడు బంధువు ఈ ఊరిలో లేడు. కావున కాలము తగ్గినకొలది బాధ్యత తగ్గుట లేదు. అదంతయు ఆ ఒక్క సాయంకాలమునకే వచ్చి చేరుచున్నది.

యాకోబు పత్రిక 5వ అధ్యాయము 4వ వచనమును మనము చాలమారులు చదివియుందుము. అక్కడ మొదట మొఱ్ఱపెట్టునది ఎవరో గమనించితిరా? పట్టియుంచబడిన కూలియే మొఱ్ఱపెట్టుచున్నది. కోసినవాడు మూట కట్టుకొని వెళ్లిపోయెను. అతని కూలి మాత్రము మన ఇంటిలో మిగిలి, మనము నిద్రించుచుండగా దేవునితో మాటలాడుచున్నది. తరువాత కోతవారి కేకలును ఆయన చెవులలో పడినవని అపొస్తలుడు చెప్పుచున్నాడు.

ఇక్కడ రైతు సహోదరుల మాట వినకపోవుట న్యాయము కాదు. “కాయ గుంటూరు యార్డుకు చేరి అమ్ముడుపోతేగాని మా చేతికి డబ్బు రాదు. ధర పడిపోతే మేమే అప్పులపాలు” అందురు. నిజమే. కౌలుకు తీసికొని పండించువాని బ్రతుకు కూలివానికంటె చాలసారులు మెరుగుగా నుండదు. అయినను వాక్యము పంట ధరను ప్రస్తావించుట లేదు. పంట లాభము వచ్చినప్పుడు కూలివానికి భాగము లేనప్పుడు, నష్టము వచ్చినప్పుడు అతనిని భాగస్థుని చేయుట ఏ న్యాయము? ఎరువునకు, పురుగుమందునకు అప్పు తెచ్చినట్లే కోతకూలి సొమ్మును కోతకు ముందే సిద్ధపరచుకొనవలెను. ఇరువదిమందికి ఇయ్యలేనివాడు పదిమందిని పిలుచుకొనవలెను. దినదినము ఇయ్యలేనియెడల శనివారము శనివారము ఇత్తునని మొదటనే చెప్పి, వారు మనఃపూర్వకముగా ఒప్పుకొనినప్పుడే పనిలోనికి దింపవలెను. పొలములో దిగిన తరువాత చెప్పు షరతు షరతు కాదు, బలాత్కారము.

కూలి దినమునకుగాక బరువు లెక్కన కుదుర్చుకొన్నప్పుడు కాటాయొద్ద తరుగు పేరిట తీయు కిలోల సంగతియు అంతే. తప్పు తూకములను గూర్చిన ఆజ్ఞ అదే లేవీయకాండము 19వ అధ్యాయము చివరను ఉన్నది. త్రాగు నీళ్లు, తలదాచుకొను నీడ, పాముకాటు తగిలినచో ఆసుపత్రికి బండి, ఇవి కూలిలోనుండి కోయవలసిన ఖర్చులు కావు.

మన క్రైస్తవ సంస్థలను విడిచిపెట్టి రైతులను మాత్రమే మందలించుట తగదు. ఒక సంస్థవారు నడుపు బడిలో పది సంవత్సరములుగా టెంపరరీగానే ఉన్న ఉపాధ్యాయురాలిని నేనెరుగుదును. ఎండకాలపు సెలవులు రాగానే ఆమెను తీసివేసి, జూన్‌లో మరల తీసికొందురు, రెండు నెలల జీతము మిగులుటకు. ఉదయము ఆ బడిలో ప్రార్థనతోనే పని మొదలగును.

ఇక మేస్త్రీల సంగతి. పని ఉన్నచోటును పనిలేనివానిని కలుపుట మంచిపని. అట్టివాడు లేనియెడల కోసిగిలోనున్నవానికి పల్నాటి చేను ఎట్లు తెలియును? అయితే మేస్త్రీ చేతిలో రెండు ఆయుధములున్నవి: అడ్వాన్సు, అబద్ధము. మన తెలుగువారు ఈ రెండింటిని చాలకాలమునుండి ఎరుగుదురు. 1860లో మద్రాసునుండి నాటాలుకు చెరకుతోటల పనికి మొదటి ఓడ వెళ్లినది; అగ్రిమెంటుమీద అట్లు వెళ్లినవారిలో మనవారెందరో కలరు. బర్మాకు మేస్త్రీల వెంట ఓడలెక్కినవారిని అక్కడివారు గోదావరి ముఖమునందలి కోరంగి రేవు పేరుతో కోరంగీలని పిలిచిరి. అగ్రిమెంటు కూలి ఎంత క్రూరమైనదో ఫిజీ ద్వీపములకు 1915లో స్వయముగా వెళ్లి చూచి లోకమునకు తెలిపినవారిలో సి. ఎఫ్. ఆండ్రూస్ గారు ముఖ్యులు. ఆయన క్రీస్తు సేవకుడు. 1917లో ఆ విధముగా మనుషులను చేర్చుకొని పంపుట నిలిచిపోయెను. పాలమూరు కూలీలు దేశమందలి ఎన్నో ఆనకట్టలు కట్టినదియు మేస్త్రీల అడ్వాన్సులమీదనే.

అడ్వాన్సు ఆకలిదినములలో ఆదుకొనును, ఆ మాట కాదనను. కాని అప్పు తీరువరకు కదలరాదని మనిషిని ఆపుట నేరము. 1976లో పార్లమెంటు చేసిన వెట్టిచాకిరి నిర్మూలన చట్టము అట్టి అప్పునే కొట్టివేసినది. లాబానును తలంచుకొనుడి. అతడు బయటివాడు కాడు, మేనమామ. చుట్టమైనంత మాత్రమున ఊరక కొలువు చేయుదువా, జీతమేమి కావలెనో చెప్పుమని తియ్యగా అడిగినవాడు. ఏడేండ్లు చేయించుకొని ఒక కుమార్తెకు మారుగా మరియొక కుమార్తెను ఇచ్చెను. జీతము పదిమారులు మార్చెను. మందలో దొంగిలింపబడినది పగటిదైనను రాత్రిదైనను యాకోబు లెక్కలోనే వ్రాసెను. మన మేస్త్రీ సహోదరులు తమ నోటుపుస్తకములు తెరచి, ఆదికాండము 31వ అధ్యాయము ప్రక్కన పెట్టుకొని చదువుకొనవలెనని కోరుచున్నాను. ఊరిలో చెప్పిన కూలి, చేనియొద్ద ఇచ్చిన కూలి ఒక్కటేనా? రైతు ఇచ్చినదెంత, పనివానికి చేరినదెంత?

మేస్త్రీ పని చేసిన ఒక దైవజనుడు మన తెలుగు సంఘ చరిత్రలోనే ఉన్నాడు. 1876 మొదలు 1878 వరకు గొప్ప కరువు వచ్చినప్పుడు ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడు నాలుగు మైళ్ల త్రవ్వకము కాంట్రాక్టు తీసికొని వేలమందికి పని కల్పించిరి. మన బోధకులే పైవిచారణకర్తలుగా నుండిరి. ఆ దినములలో ఆయన నోటి మాటకు జనులు ఏమైనను ఒప్పుకొనియుందురు, అన్నము ఆయన చేతిలో నున్నది గనుక. అందుచేతనే ఆయన సంవత్సరమునకు పైగా ఎవరికిని బాప్తిస్మమియ్యలేదు. కూడు కొరకు వచ్చినవారో, క్రీస్తు కొరకు వచ్చినవారో తెలియుటకు కరువుపని తీరువరకు ఆగిరి. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి మనమందరము గర్వముగా చెప్పుకొందుము. దానికి ముందున్న ఆ నిరీక్షణను అంతగా చెప్పుకొనము. పని ఇచ్చువానికి పనివాని మనస్సాక్షిమీద అధికారము లేదని ఆయన ఎరిగియుండెను. మన చేనిలో కోతకు వచ్చినవారిని ఆదివారము గుడికి రానియెడల సోమవారము పనికి రావద్దని చెప్పు సహోదరులు కొందరున్నారు. అది సువార్త సేవ కాదు.

పని వెదకుకొనువారికి కూడ చెప్పవలసినది కలదు. మత్తయి 20వ అధ్యాయములోని ఉపమానము పరలోకరాజ్యమును గూర్చినది, కూలిరేట్లను గూర్చినది కాదు. అయినను ప్రభువు అడ్డా మీద నిలిచిన కూలీలను ఎంత దగ్గరగా చూచెనో దానిలో కనబడుచున్నది. సాయంకాలము అయిదు గంటలకు నిలిచియున్నవారు సోమరులు కారు, తమ్మునెవరును పిలువలేదనిరి. యజమానుడు ఆ మాట నమ్మెను. గృహనిర్వాహకుడున్నను తానే అయిదుమారులు సంతకు వెళ్లెను. ఉదయము వచ్చినవారితో దేనారమునకు ఒడబడెను. మూడవ గంట మొదలుకొని వచ్చినవారు ఏది న్యాయమో అది ఇత్తునన్న మాట నమ్మి వెళ్లిరి. ఆ యజమానుడు నమ్మదగినవాడు. ప్రతి చేని యజమానుడును అట్టివాడు కాడు గనుక మొదటివారివలె ముందే ఒడబడుడి. కూలి అడుగుట అవిశ్వాసము కాదు.

ఎంత, ఎప్పుడు, ఎవరిచేతిమీదుగా ఇత్తురో బయలుదేరకముందే అడుగుడి. పడకయెక్కడ, వంటచెరకు ఎవరిది, పోవురాకడల చార్జీలు ఎవరివి అనునవియు అడుగవలెను. పట్టిన అడ్వాన్సును, చేసిన దినములను మీ సొంత పుస్తకములో వ్రాసికొనుడి. చదువురానివారు పిల్లలచేత వ్రాయించుకొనుడి. ఆధారు కార్డు చూపవచ్చును, వదలివేయరాదు. పాస్‌పోర్టును మరిమరి వదలరాదు. ఉద్యోగము ఇప్పింతునని ముందుగా లక్షలు అడుగువాడు ఉద్యోగమిచ్చువాడు కాడు, దానిని అమ్ముకొనువాడు. కువైటునకు ఇంటిపనికి వెళ్లదలచిన సహోదరీలు, పంపు ఏజెంటు ప్రభుత్వమువద్ద రిజిస్టరైనవాడో కాడో విచారింపక నగలు తాకట్టు పెట్టరాదు. 1983లో చేసిన వలస చట్టము అట్టి రిజిస్ట్రేషను లేనిదే పనివారిని విదేశమునకు పంపరాదని నిర్ణయించినది.

అట్లే, ఇద్దరు మేస్త్రీలయొద్ద అడ్వాన్సు పట్టి మూడవవాని వెంట పోవువారిని గూర్చి ఊరకుండలేను. రేపు ఇక్కడ ఉండము గదా అని మొక్క విరుగునట్లు, పూత రాలునట్లు కాయ కోయువారును కలరు. యాకోబు లాబానువంటి యజమానునికే తన బలమంతటితో కొలువు చేసెను. కోత తీరువరకు ఉందుమని మాట ఇచ్చినవారు ప్రక్క చేనిలో యాభై రూపాయలు ఎక్కువనగానే నడుమ విడిచిపోయినచో, ఎండిపోవునది ఒక పేద కౌలుదారుని పంట. నష్టము కలిగినను మాట తప్పనివానిని గూర్చి 15వ కీర్తన చెప్పునది యజమానునికి మాత్రమే కాదు.

ఈ కోతకాలములో ఒక చిన్న ఏర్పాటు చేయుదము. పనికి ఊరు విడిచి వెళ్లు కుటుంబములు తాము పోవు ఊరిని, మేస్త్రీ పేరును, ఫోను నంబరును సంఘపెద్దలయొద్ద వ్రాయించి వెళ్లవలెను. పై ఊళ్లనుండి వచ్చువారికి మన గుడి ఆవరణలోని పంపునీరు ఉదయము నాలుగు గంటలనుండి తెరచియుంచబడును. వారు ఏ మతస్థులో అడుగవలదు. వారి పిల్లలను పగలు చేనిగట్లమీద వదలక గుడి పంచలో కూర్చుండబెట్టి అక్షరములు చెప్పుటకు యౌవనస్థులు ముగ్గురు నలుగురు కావలెను. ఇష్టముగలవారు వచ్చు ఆదివారములోగా తమ పేర్లనిచ్చెదరుగాక.