భోగము వెనుక ఋణము

కొల్లాపురము మీదుగా సోమశిల చేరిన యాత్రికుడు కృష్ణలో స్నానమాడి, లలితా సోమేశ్వరస్వామిని సేవించి, ద్వాదశ జ్యోతిర్లింగముల పేరిట నెలకొన్న గుడులకు ప్రదక్షిణము చేసి తృప్తుడై మరలును. అచ్చటి దేవతలు తమ మొదటి నెలవును జలాశయమునకు విడిచి గట్టునకు చేరినవారను సంగతి అతని తలపునకు రాకపోవచ్చును.

1963లో శంకుస్థాపన జరిగిన శ్రీశైలము ఆనకట్ట వెనుక 1980ల తొలినాళ్లలో నీరు నిలువగా, నాటి కర్నూలు, మహబూబ్‌నగరు జిల్లాలలో నూరింటికి చేరువగా గ్రామములు ముంపునకు గురియైనవి. సుమారు లక్షమంది నిర్వాసితులైరి. సోమశిల, జటప్రోలు, కూడవెల్లి ఆలయములను రాయి రాయిగా విప్పి, మెరక తావులకు తరలించి మరల కూర్చిరి. అవతలి దరినున్న సప్తనదీ సంగమమున సంగమేశ్వరుడు మాత్రము ఏటేట మునిగి, వేసవిలో నీరు తీసినపుడే దర్శనమిచ్చుచున్నాడు. విప్పిన గుడిని తిరిగి కట్టవచ్చును గాని, ఎవరి చేను ఎవరి గట్టు నానుకొనియుండెనో, ఏ యింటి కష్టమునకు ఏ యిల్లు ముందుగా పరుగెత్తుచుండెనో, ఆ పొందికను తిరిగి కట్టగల స్థపతి యెవ్వడు?

అట్లని ఆనకట్టను నిందించుట ధర్మము కాదు. ఇరుగట్టులందలి విద్యుత్కేంద్రముల స్థాపిత సామర్థ్యము 1,670 మెగావాట్లు. ఆ జలమే తెలుగుగంగయై చెన్నపట్టణపు దాహము తీర్చుచున్నది. కల్వకుర్తి ఎత్తిపోతలయై, పొట్ట చేతపట్టుకొని తరతరములుగా వలసపోయిన పాలమూరు చేలకు ప్రాకుచున్నది. ఎండిన చేనికి నీరు వచ్చుట అభ్యుదయము కాదనువాడు ఆకలి నెరుగనివాడు.

అయినను, మనము మునుపటికంటె మేలైతిమా యను ప్రశ్నకు మెగావాట్ల లెక్క పూర్తి సమాధానము కాజాలదు. దేవతలు ప్రసాదించిన భోగములను వారికి మరల సమర్పింపక తానే యనుభవించువాడు దొంగయే యని గీత మూడవ యధ్యాయము నిర్ణయించినది. మన యింటికి వెలుగు నిచ్చిన దేవతలలో కృష్ణవేణితోపాటు, తన యిల్లు నీటికి ధారవోసిన ముంపు గ్రామవాసియు ఒకడు. కుటుంబమునకొక కొలువని 1986లో 98వ నంబరు జీ.ఓ. ద్వారా అతనికి వాగ్దానము చేసిరి. ఆ మాట నెరవేరుటకై పెక్కు కుటుంబములు దశాబ్దముల తరబడి కార్యాలయముల చుట్టు తిరుగవలసివచ్చినది. ఈలోపల నగరములలో మనము పట్టపగలు దీపములు వెలిగించి, అవసరము తీరిన పిదపను వస్తువులు కొని, కొన్నవానిని దాచుటకు చోటు చాలక మరింత పెద్ద యింటికై అప్పుచేయుచుంటిమి. అప్పిచ్చిన బ్యాంకు పేరు మనకు కంఠస్థము. ఊరినిచ్చిన వాని పేరు మనమెన్నడును అడుగలేదు.

అపరిగ్రహమనగా దారిద్ర్యమును వరించుట యని భయపడనక్కరలేదు. పొందిన దానిలో పరుల త్యాగమెంతయో గుర్తించి, తన వాడుకను ఆ మేరకు మితపరచుకొని, చెల్లింపవలసినదానిని చెల్లించుటయే గృహస్థునకు చాలిన అపరిగ్రహము. అట్టి ఋణస్మృతి గల సమాజమున సంపద పెరిగిన కొలది మనుష్యుడును పెరుగును; అది లేనిచోట పెరుగునది సామాను మాత్రమే. కావున సోమశిలకు పోవు భక్తులారా, స్వామికి టెంకాయ కొట్టిన పిమ్మట ఆ యూరి పెద్దనొకని పలుకరించి, నీట మునిగిన ఊళ్ల పేర్లడిగి తెలిసికొనుడు; యాత్రాఫలములో అదియు ఒక భాగమే.