వాలు

ఒకడు కోపము పట్టలేక ఇల్లాలిని కొట్టి, “ఏమి చేయుదును? ఇది నా పుట్టుగుణము” అనును. మరియొకడు పిల్లల నోటికి పోవలసిన కూలిడబ్బును కల్లు దుకాణములో పోసి, ఆ మాటయే చెప్పును. ఈ మాట దేవుని యెదుట నిలుచునా?

ఇంగ్లీషులో ‘ప్రొక్లివిటీ’ అను పదమొకటి గలదు. మనస్సు సహజముగా ఒకవైపునకు మొగ్గుట అని దాని అర్థము. ఇది ఇంటిలో పలుకు మాట కాదు, పుస్తకముల మాట. మంచిగుణములను గూర్చికంటె చెడుగును గూర్చియే దీనిని తరచుగా వాడుదురు. దీని పుట్టుక లాటిను భాషలో నున్నది: ‘ప్రో’ అనగా ముందుకు, ‘క్లీవుస్’ అనగా వాలు. గమనించితివా? ఆ పదము వాలు అన్నదే గాని సంకెల అనలేదు.

మన ఎడపల్లి ప్రాంతపు నీటిని తలంచుము. మంజీర తన వాలును బట్టి పారి, కందకుర్తియొద్ద గోదావరిలో కలియును. 1923లో ఆరంభించి 1931లో ముగించిన నిజాంసాగర్ ఆనకట్ట ఆ నీటిలో కొంత నిలిపి, కాలువకు మళ్లించినది. ఇంజనీరు అలీ నవాజ్ జంగ్ నేల వాలును కొట్టివేయలేదు. వాలును బట్టియే కాలువ త్రవ్వించెను. వాలు లేనియెడల కాలువయు పారదు గదా! ఆ నీటివలననే ఈ నేలలో వరియు చెరకును పండినవి. 1937లో బోధనులో స్థాపించిన నిజాం చక్కెర కర్మాగారము 2015లో మూతపడువరకు ఆ చెరకుతో నడిచినది.

సౌలును చూడుము. సంఘమును హింసించిన ఆసక్తియే, దమస్కు మార్గమున ప్రభువు పట్టుకొనిన తరువాత, సువార్త ప్రకటించు ఆసక్తి యాయెను. ప్రభువు అతని వేడిని చల్లార్చలేదు, త్రోవ మార్చెను.

కాబట్టి నీవు ఏ వాలుతో పుట్టితివో దానికి నీవు ఉత్తరవాదివి కావు. నీరు ఎవరి పొలమును ముంచినదో దానికి ఉత్తరవాదివి. నీకంటె నిట్టవాలు గల సహోదరుని తీర్పు తీర్చకుము. వాని పోరాటము నీవెరుగవు. అయితే దెబ్బలు తిను ఇల్లాలిని, “అది అతని స్వభావము, ఓర్చుకొనుము” అని పంపివేయకుము. ఆమెకు అండగా నిలువుము.

కాలువ ఒక్కసారి త్రవ్విన చాలదు. పూడిక తీయనియెడల నీరు గట్టు తెంచును. ప్రార్థనయు, కీడు చేసినవారియొద్ద ఒప్పుకోలును మన పూడికతీత. నీ నీరు నేడు ఎటు పారుచున్నదో నీ ఇంటివారిని అడుగుము. వారు చెప్పినది వినుము.