అనుకంప

ఆదిలాబాదు చలి హైదరాబాదులో పుట్టిన మా మనవరాలికి తెలియదు. నిరుడు సంక్రాంతి సెలవులకు వచ్చిన రాత్రి అయిదారు డిగ్రీలకు పడిపోయింది. రెండు రగ్గుల్లోంచి తల బయటపెట్టి, ‘తాతా, కర్రికి చలి పెట్టదా?’ అంది. కర్రి మా గల్లీ కుక్క. ఎవరిదీ కాదు. పొద్దున మా వాకిట్లో, సాయంత్రం మూలమీది టీకొట్టు దగ్గర తింటుంది.

నేను ముప్పయ్యేళ్లు తెలుగు పండితుణ్ని. అడిగినదానికి జవాబు చెప్పకుండా వ్యుత్పత్తి చెప్పడం మా వృత్తి జబ్బు. అనుకంప అన్నాను. కంప అంటే వణుకు, అను అంటే వెంట. ఎదుటి ప్రాణి వణికితే దాని వెంట మనమూ వణకడమే దయ అన్నాను. పిల్ల విని ఊరుకోలేదు. తెల్లారి నా పాత ఊలు స్వెట్టరు కత్తిరించి, పొట్ట కొలతకు బిగించి కుట్టి, కర్రికి తొడిగింది. పక్కింటివాళ్లు ఫొటోలు తీసుకున్నారు. నాకంటే దానికే నప్పిందని మా ఆవిడ అంది.

సంగం కాలపు తమిళ రాజు పేగన్ గుర్తొచ్చాడు నాకు. పళని కొండల వైపు ఏలినవాడు. నెమలి చలికి వణుకుతోందనుకుని ఒంటిమీది వస్త్రం తీసి దానికి కప్పాడట. తమిళులు ఏడుగురు మహాదాతల్లో అతన్నీ లెక్కపెట్టారు. తరగతిలో ఆ కథ చెప్పినప్పుడల్లా నా గొంతు పట్టేసేది.

ఆ రాత్రి మంచు బాగా కురిసింది. పొద్దున్నే వెళ్లి చూస్తే ఊలు నీళ్లు తాగి బరువెక్కి కర్రి పొట్టకు అంటుకుపోయింది. చంకల్లో కుట్టు ఒరుసుకుని తోలు ఎర్రబడింది. పళ్లతో లాగి లాగి అలసిపోయినట్టుంది, ముందటి రాత్రికంటే ఎక్కువ వణుకుతోంది. కత్తెరతో కోసి తీశాను. ఒక్కసారి ఒళ్లు విదిలించి, టీకొట్టాయన గుమ్మరించిన పొయ్యి బూడిదలోకి పోయి, ముక్కు తోక కింద పెట్టుకుని ముడుచుకుంది. ఆ బూడిద ఎన్నేళ్లుగానో దాని పడక. రోజూ ఆ పక్కనే నిలబడి చాయ్ తాగే నేను ఎన్నడూ చూడలేదు.

పశువుల డాక్టరు నవ్వలేదు, అదే గొప్ప. కుక్క ఒంటి వేడి మామూలుగానే 38, 39 డిగ్రీలు, మనకంటే ఎక్కువ. చలికి దాని రోమాలు నిక్కబొడుచుకుని మధ్యలో గాలిని పట్టి ఉంచుతాయి. బిగుతు గుడ్డ వాటిని అణిచేస్తుంది, తడిస్తే ఉన్న వేడినీ లాగేస్తుంది. అలాగని కోట్లు వద్దనీ కాదన్నాడు. పొట్టి బొచ్చు పగ్‌కి, బక్కచిక్కిన ముసలిదానికి, కూనకి పొడిగా, వదులుగా తొడిగితే మేలే. దట్టమైన అడుగుబొచ్చున్న హస్కీకి అదే శిక్ష.

చదువుకున్న బ్రాహ్మణుణ్నీ, ఆవునీ, ఏనుగునీ, కుక్కనీ సమంగా చూసేవాడు పండితుడని గీత అయిదో అధ్యాయం. సమంగా అంటే నాలాగే అని చదువుకున్నాను. చలీ వేడీ ఇంద్రియాలకు తగిలి పోయేవని రెండో అధ్యాయం ముందే చెప్పింది. ఆత్మ ఒకటైతే కావచ్చు, తోలు ఒకటి కాదు. సమదృష్టి పేరిట నా తోలు తీసి కుక్కకు తొడిగాను.

పూరీలో మార్గశిర శుద్ధ షష్ఠి మొదలు వసంత పంచమి దాకా జగన్నాథుడికి చలిబట్టలు కడతారు. దేవుడికి చలేమిటని ఎవరూ అడగరు, అడగనక్కర్లేదు. మన వణుకే అక్కడ ఉపచారం. గుడ్డ ఒరుసుకుని ఆయన చంక ఎర్రబడదు. కుక్క దగ్గర ఆ వెసులుబాటు లేదు. పేగన్ కప్పిన వస్త్రం కింద ఆ నెమలి పురి ఏమైందోనని ఇప్పుడు అనుమానం వేస్తోంది.

మహాప్రస్థానంలో ధర్మరాజు తన వెంట నడిచిన కుక్కకు ఏమీ కప్పలేదు. నారబట్టలతో బయల్దేరినవాడి దగ్గర కప్పడానికేముంది? ఇంద్రుడు రథం ఎక్కమంటే, దీన్ని వదిలి రానన్నాడు, అంతే. నేను అనుకంపలో కంపనే పట్టుకున్నాను, ముందున్న అను నోట్లోనే మిగిలింది.

తరవాత మనవరాలూ నేనూ గోనెసంచిలో ఎండుగడ్డి కూరి, పైన బొంత ముక్క వేసి, గాలి కొట్టని మెట్ల కింద పరిచాం. మూడు రాత్రులు కర్రి అటు తిరిగి చూడలేదు. పిల్ల దాన్ని ఎత్తుకొచ్చి పడుకోబెడతానంటే వద్దన్నాను. నాలుగో రోజు టీకొట్టు తెరవలేదు, పొయ్యి వెలగలేదు. మర్నాడు పొద్దున సంచి మధ్యలో గుంట పడి ఉంది, నాలుగు నల్ల వెంట్రుకలు. కర్రి అప్పటికే ఎటో పోయింది. మనవరాలు గుంటలో చెయ్యి పెట్టి చూసింది. ఇంకా వెచ్చగా ఉందంది.