ఎదుటి పేజీ చదివేదెవరు?

ప్రభుత్వ బడికి వెళ్లే బిడ్డ మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఉంటే ఆ పుస్తకాల సంచి ఒకసారి తెరచి చూడండి. 2020-21 విద్యాసంవత్సరంలో మన రాష్ట్ర ప్రభుత్వం ద్విభాషా పాఠ్యపుస్తకాలు ప్రవేశపెట్టింది. ఒక పేజీలో ఇంగ్లీషు పాఠం, ఎదుటి పేజీలో అదే పాఠం తెలుగులో.

ఈ పుస్తకం వెనుక పెద్ద తగవే నడిచింది. ప్రభుత్వ బళ్లన్నీ ఇంగ్లీషు మాధ్యమానికి మారాలని 2019లో ఉత్తర్వు వచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టివేసింది. అదే ఏడు జూలైలో వచ్చిన జాతీయ విద్యావిధానం, వీలైనచోట కనీసం అయిదవ తరగతి దాకా ఇంటి భాషలోనే బోధించాలన్నది. వాదనలు వాదనలుగా ఉండగానే పిల్లలు ఇంగ్లీషు వైపు నడిచారు. ఏ మాధ్యమం గొప్పదో తేల్చడం నా పని కాదు. నేను అడిగేది ఒక్కటే: ఆ ఎదుటి పేజీ చదివేదెవరు?

పిల్లవాడు చదువుతాడు, నిజమే. కాని ఆ పేజీ వల్ల ఇంట్లో తల్లికి కూడా పాఠంలో చోటు దొరికింది. రెండవ వాటికన్ మహాసభ 1965లో క్రైస్తవ విద్యపై ఇచ్చిన ప్రకటనలో, బిడ్డలకు మొట్టమొదటి గురువులు తల్లిదండ్రులేనని చెప్పింది. వినడానికి బాగుంది. కాని 2011 జనగణన నాటికి ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఏడేళ్లు దాటిన ఆడవారిలో మూడింట ఒక వంతుకు పైగా అక్షరాలు రానివారే. అక్షరం రాని తల్లికి ఇంగ్లీషు పేజీ ఎంతో తెలుగు పేజీ కూడా అంతే. మొదటి గురువు అని ఆమెను పొగిడి, పుస్తకం మాత్రం అందనంత ఎత్తులో పెట్టాం.

ఇంగ్లీషు కోరుకోవడం తప్పు కాదు, ఈ మాట గట్టిగా చెప్పాలి. మన విచారణల్లో చాలా కుటుంబాలకు తెలుగు చదువు కూడా తరతరాలు అందలేదు, ఊరి బడిలోనే వారిని దూరంగా కూర్చోబెట్టారు. అలాంటి ఇంటి బిడ్డ ఇంగ్లీషు నేర్చుకుని తిరుపతిలోనో చెన్నైలోనో నాలుగు మెట్లు ఎక్కుతానంటే, తమ పిల్లల్ని కాన్వెంటులో చదివించుకుంటూ ‘నీకు మాతృభాష చాలు’ అని చెప్పే హక్కు ఎవరికీ లేదు. కాని ఆ ఇంగ్లీషుకు మనం ఇస్తున్న వెల ఏమిటి? తల్లిదండ్రుల సమావేశంలో టీచరు ఇంగ్లీషులో చెబుతుంటే, వెనక బెంచీలో కొంగు సర్దుకుంటూ కూర్చున్న తల్లి ‘నాకేం తెలుసు నాయనా, నువ్వే విను’ అంటుంది. ప్రోగ్రెసు రిపోర్టు మీద వేలిముద్ర వేస్తుంటే కొడుకు తల తిప్పుకుంటాడు. తల్లిని తండ్రిని సన్మానించమన్న నాలుగవ ఆజ్ఞను సత్యోపదేశంలో కంఠతా పట్టిన బిడ్డే ఆ తల తిప్పుకునేది. అతనికి ఆ సిగ్గు నేర్పింది పెద్దలమైన మనమే. మన క్రైస్తవ బళ్లలోనైనా ఆ సమావేశం తల్లికి అర్థమయ్యే భాషలో జరగాలని అడగడం న్యాయం కాదా?

ఒకప్పుడు పూజ లతీనులో జరిగేది. జనం మోకరించేవారు, భక్తికి లోటు లేదు, మాట మాత్రం అందేది కాదు. ప్రజల భాషకు 1963లో మహాసభ తలుపు తెరిచింది. గుడిలో ఒప్పుకున్నదాన్ని బడిలో ఎందుకు మరిచిపోవాలి?

మన సరిహద్దు ఊళ్లలో చిక్కు ఇంకొంచెం ఎక్కువ. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయింది, సత్యవేడు మనకు వచ్చింది. గీత మారినంత మాత్రాన ఇళ్లలో మాట మారలేదు. సత్యవేడు, నగరి, కుప్పం వైపు ఎన్నో ఇళ్లలో మాట్లాడేది తమిళం. అక్కడి తల్లికి ఎదుటి పేజీ కూడా పరభాషే. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక చదువు మాతృభాషలో అందేలా చూడమని రాజ్యాంగం 350ఎ అధికరణం 1956 నుంచి చెబుతూనే ఉంది. ఆ పిల్లల తల్లుల గురించి అందులో మాట లేదు.

పెద్దలకు చదువు మనకు కొత్తదేమీ కాదు. 1988లో జాతీయ సాక్షరతా మిషన్ మొదలైంది. 1990ల ఆరంభంలో మన జిల్లాలో అక్షర తపస్మాన్ పేరుతో లాంతర్ల కింద పలకలు పట్టారు. పక్క నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో వయోజన విద్యకు వచ్చిన ఆడవారు సారా అంగడిని మూయించారు. ఆ ఉద్యమమే పెద్దదై 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధానికి దారితీసింది. వారి వాచకంలోని పాఠం తెలుగులో ఉంది, తమ ఇంటి కష్టం గురించే ఉంది. అందుకే అది పలక మీద ఆగిపోలేదు. వయసు మించినవారికి 1982 నుంచి సార్వత్రిక విశ్వవిద్యాలయం, 1991 నుంచి ఓపెన్ స్కూలు వచ్చాయి. కాని బిడ్డ బడి ఒక శాఖది, తల్లి రాత్రిబడి మరొక శాఖది. ఒకే దీపం కింద ఇద్దరినీ కూర్చోబెట్టాలన్న ఆలోచన చాలాచోట్ల రాలేదు.

2022లో కేంద్రం తెచ్చిన ఉల్లాస్ పథకం 2027 దాకా ఉంటుంది. పదిహేనేళ్లు దాటినవారికి స్వచ్ఛందంగా చదువు చెప్పేవారే దానికి ఆధారం. మన యువజన సంఘాల్లో ఇంటర్ చదివే పిల్లలు ఉన్నారు. ఆదివారం పూజ తరువాత అరగంట, గుడి వరండా, వాచకంగా బిడ్డ పుస్తకంలోని తెలుగు పేజీ. తమిళం మాట్లాడే ఊళ్లో తమిళ అక్షరాలు తెలిసినవారు ఒకరుంటే మొదలుపెట్టవచ్చు. జూన్‌లో బళ్లు తెరిచేలోపు మీ ఉపదేశిగారిని ఒక మాట అడిగి చూడండి: మన విచారణలో సంతకం తప్ప ఇంకేమీ రాని తల్లులు ఎంతమంది ఉన్నారని.