ధ్వనినిక్షేపం: రికార్డు సేకరణలో శ్రోత ధర్మం

ప్రస్తావన

కావ్యంపై పాఠకుడి హక్కు ఎంతవరకు అన్న ప్రశ్న సాహిత్యవిమర్శకు కొత్తది కాదు. సంగీతం విషయంలో ఆ ప్రశ్న చాలాకాలం పుట్టలేదు. పాడినది పాడినచోటే ముగిసేది; విన్నవారి జ్ఞాపకంలో మాత్రమే మిగిలేది. ధ్వనిముద్రణతో నాదం వస్తువైంది. వస్తువు కాగానే అది కొనుగోలుకు, సేకరణకు, వారసత్వానికి లోబడింది. జాజ్, పాశ్చాత్య శాస్త్రీయ సంగీత రికార్డులను శ్రద్ధగా పోగుచేసేవారి లోకం ఈ మార్పు నుంచే ఏర్పడింది. కళాకారుడు వినిపించదలచుకోని ధ్వనిని సేకరించి వినడం శ్రోతకు ధర్మమేనా అన్న ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

మూడు సందర్భాలు

మొదటిది ‘లవర్ మ్యాన్’. 1946 జూలై 29న లాస్ ఏంజెలెస్‌లో చార్లీ పార్కర్ డయల్ సంస్థ కోసం శాక్సఫోన్‌పై ఈ పాటను వాయించాడు. అప్పటికే అతని ఆరోగ్యం పూర్తిగా చెడింది. పియానో ఎత్తుగడ ముగిసినా అతని వాద్యం వెంటనే అందుకోలేదు. అందుకున్న తర్వాతా పలుకులు తెగి తెగి వచ్చాయి. ఆ రాత్రే అతడు అరెస్టయ్యాడు. తరువాత సుమారు ఆరు నెలలు కామరిల్లో మానసిక చికిత్సాలయంలో గడిపాడు. రికార్డు మాత్రం విడుదలైంది. దాని విడుదలను పార్కర్ ఎన్నడూ హర్షించలేదు. అయినా ఆ వాదనంలోని ఆర్తిని అతని ఉత్తమసృష్టిలో ఒకటిగా ఎంచిన శ్రోతలు తక్కువమంది కారు.

రెండవది డీన్ బెనెడెట్టి సేకరణ. స్వయంగా శాక్సఫోన్ వాయించే ఈ అభిమాని 1947లో లాస్ ఏంజెలెస్‌లోను, 1948లో న్యూయార్క్‌లోను పార్కర్ కచేరీలకు యంత్రంతో వెళ్లి ముద్రించాడు. అయితే దాదాపు ఎప్పుడూ పార్కర్ వంతు రాగానే యంత్రం నడిపి, అది ముగియగానే ఆపేవాడు. హోవర్డ్ మెక్‌గీ ట్రంపెట్, హాంప్టన్ హాస్ పియానో ఆ విధంగా చాలావరకు జారిపోయాయి. 1990లో మొజాయిక్ సంస్థ ఈ సేకరణను ఏడు సీడీలుగా వెలువరించింది. జాజ్ ఒక సంభాషణ; ఒకరి మాటకు మరొకరి మాట ప్రేరణ. బెనెడెట్టి భక్తి ఆ సంభాషణలో ఒక్క గొంతునే మిగిల్చింది. సేకరణ అంటే దాచడం మాత్రమే కాదు, వదిలివేయడం కూడా అని ఈ ఉదాహరణ తెలుపుతుంది.

మూడవది వాద్యబృంద నిర్దేశకుడు సెర్జియు చెలిబిడాకె నిరాకరణ. సంగీతం ఆ మందిరంలో, ఆ క్షణంలో మాత్రమే సంభవిస్తుందని, మందిరంలోని నాదస్పందనను బట్టే లయగమనం నిర్ణయమవుతుందని అతని సిద్ధాంతం. అందువల్ల జీవితంలో అధికభాగం తన కచేరీల రికార్డుల విడుదలకు అతడు అంగీకరించలేదు. 1996లో అతడు మరణించాక మ్యూనిక్ ఫిల్హార్మోనిక్‌తో చేసిన కచేరీల ముద్రణలు కుటుంబం అనుమతితో వెలువడ్డాయి. అనధికారిక ప్రతులు అప్పటికే చలామణిలో ఉండటం అందుకు చూపిన కారణాల్లో ఒకటి.

కళాకారులందరికీ రికార్డు పట్ల ఇటువంటి విముఖత ఉందని చెప్పడానికి వీలులేదు. గ్లెన్ గూల్డ్ 1964లో కచేరీవేదికను విడిచి స్టూడియోనే తన కళకు నెలవు చేసుకున్నాడు. బాఖ్ ‘గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్’ను 1955లోను, మళ్లీ 1981లోను ముద్రించాడు. అతనికి రికార్డే కృతి. కనుక రికార్డు మంచిదా చెడ్డదా అన్నది అసలు ప్రశ్న కాదు. ఆ ధ్వనితో దాని కర్తకు గల సంబంధమేమిటన్నదే ప్రశ్న.

రెండు సమర్థనలు

ఇటువంటి రికార్డుల విడుదలకు సాధారణంగా రెండు సమర్థనలు వినవస్తాయి. ఒప్పందం ప్రకారం ముద్రించినది సంస్థ సొత్తు అన్నది మొదటిది. చట్టం ముందు ఇది నిలవవచ్చు. కాని స్వాధీనంలో మెలకువ లేని స్థితిలో వెలువడిన ధ్వనికి ఒప్పందం నైతిక సమ్మతి కాజాలదు.

భావితరాల ప్రయోజనం అన్నది రెండవది. ఇది బలమైన వాదం. న్యూ ఆర్లియన్స్‌లో తొలి జాజ్ రూపకర్తలలో ఒకడైన బడ్డీ బోల్డెన్ వాద్యానికి ఒక్క రికార్డూ మిగలలేదు. ఆ లోటు తీరేది కాదు. రాతప్రతులను కాల్చివేయమన్న కాఫ్కా కోరికను మిత్రుడు మాక్స్ బ్రోడ్ పాటించకపోవడం వల్లనే ప్రపంచానికి ఆ నవలలు దక్కాయని కూడా చెప్పవచ్చు. అయితే రెండింటికీ భేదం ఉంది. రచయిత రాసినదాన్ని మళ్లీ చదువుకొని, కొట్టివేసి, దిద్దుకునే అవకాశం కలవాడు. మనోధర్మంతో వాయించేవాడికి ఆ వ్యవధి లేదు. ‘లవర్ మ్యాన్’లో వినిపించేది రచన ఎంతో, రోగి ఊపిరి కూడా అంతే.

శోకమా, రసమా?

ఈ చోట భారతీయ అలంకారశాస్త్రం నేరుగా ఉపకరిస్తుంది. క్రౌంచవధ సందర్భంలో శోకం శ్లోకమైందన్నప్పుడు ఆ శోకం ముని వ్యక్తిగత దుఃఖం కాదని అభినవగుప్తుడు లోచనంలో స్పష్టం చేశాడు. లౌకికశోకం సాధారణీకరణం పొందినప్పుడే కరుణరసం. రంగస్థలం మీది దుఃఖాన్ని సహృదయుడు ఆస్వాదించగలగడానికి కారణం, అది ఫలానా వ్యక్తికి చెందిన దుఃఖంగా అతనికి తోచకపోవడమే.

‘లవర్ మ్యాన్’ వినే శ్రోత స్థితి ఇందుకు విరుద్ధం. తడబడుతున్నది పాత్ర కాదు, వాయించేవాడే. ఆ తడబాటును అతడు విభావంగా కల్పించలేదు, దానికి లోబడ్డాడు. ఇక్కడ ‘ఎంతటి ఆర్తి!’ అని తలపంకించే శ్రోత లౌకికశోకాన్నే రసమని భ్రమిస్తున్నాడు. పరుని ఆపదను ఆస్వాదిస్తూ దానికి సహృదయత అని పేరు పెట్టుకుంటున్నాడు. అట్లా అని ఆ వాదనంలో కళ బొత్తిగా లేదనడమూ సత్యం కాదు. శిథిలమైన దేహంలోనూ పాటను నిలబెట్టాలన్న ప్రయత్నం స్పష్టంగా వినిపిస్తుంది. ఆ ప్రయత్నాన్ని వినడం వేరు, పతనాన్ని రుచిచూడడం వేరు. ఈ రెండింటినీ ఏ చట్టమూ విడదీయలేదు. శ్రోత అంతఃకరణమే విడదీయాలి.

నిక్షేపధర్మం

సేకర్త బాధ్యతను నిర్వచించడానికి ధర్మశాస్త్రంలోని నిక్షేపభావన అనువైనది. యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయం ఉపనిధిని ప్రత్యేకంగా పేర్కొంటుంది: లోపలేముందో చెప్పకుండా పెట్టెలో ఉంచి అప్పగించిన వస్తువు ఉపనిధి. దాచినవాడు దాన్ని భద్రంగా తిరిగి ఇవ్వాలి. స్వేచ్ఛగా వాడుకొని బతికితే దండనార్హుడు, లాభంతో సహా చెల్లించాలి. ఒకరి చేతినుంచి మరొకరి చేతికి మారిన అన్వాహితానికీ ఇదే విధి. విజ్ఞానేశ్వరుని మితాక్షర ఈ స్మృతికి వ్యాఖ్య. దాని ఆధారంగా 13వ శతాబ్దంలో కేతన ‘విజ్ఞానేశ్వరీయం’ రచించడంతో ఈ వ్యవహారచింతన తెలుగు పద్యంలోకీ వచ్చింది.

రికార్డు కొన్నవాడు పళ్లేనికి యజమాని. అందులోని ధ్వనికి నిక్షేపధారి. అది చేతులు మారి వచ్చిన సొమ్ము. పార్కర్ దాన్ని ఎవరికీ ఇష్టపూర్వకంగా అప్పగించలేదు కదా అన్న ఆక్షేపం ఉంది. అప్పగించని సొమ్ము చేతికి చిక్కినప్పుడు బాధ్యత పెరుగుతుందే గాని తరగదు. నశింపజేయడం నిక్షేపధారి అధికారంలో లేదు, కాబట్టి భద్రపరచాలి. స్వేచ్ఛగా అనుభవించడమూ అతని అధికారంలో లేదు. కాబట్టి కర్త జీవించి ఉండగా అతని నిషేధమే తుదిమాట కావాలి.

కర్త మరణించాక ఎవరికి తిరిగి ఇవ్వాలి? ధ్వనిని తిరిగి ఇవ్వడమంటే దాన్ని దాని సందర్భంలో మళ్లీ నిలపడమే. తేదీ, స్థలం, తోడుగా వాయించినవారి పేర్లు, కర్త ఆరోగ్యం, అతని అసమ్మతి, ముద్రించినవాడు వదిలివేసిన భాగం, ఇవన్నీ ధ్వనితోపాటు శ్రోతకు చేరాలి. బెనెడెట్టి ముద్రణలు వినేటప్పుడు తెగిపోయిన చోట్ల మెక్‌గీ, హాస్ ఉన్నారన్న స్పృహ, చెలిబిడాకె రికార్డు వినేటప్పుడు మందిరం అక్కడ లేదన్న స్పృహ కలగాలి.

ముగింపు

వినకపోవడం ఒక్కటే ధర్మమని పై చర్చ తేల్చడం లేదు. వినడం తానుగా నిర్దోషమని మాత్రం ఒప్పుకోవడం లేదు. ‘లవర్ మ్యాన్’ ఇక వెనక్కి పోదు. దాని విడుదలను నేటి శ్రోత రద్దు చేయలేడు. పార్కర్ పేర ఉత్తమకృతుల పట్టికలో దాన్ని చేర్చకుండా ఉండడం, ఒక మనిషి కష్టదినపు సాక్ష్యంగా మాత్రమే దాన్ని వినడం అతని చేతిలో ఉన్నాయి. సేకరణ గొప్పతనం రికార్డుల సంఖ్యలో లేదు. తనవి కాని ధ్వనులను తనవి కావన్న ఎరుకతో కాపాడటంలో ఉంది.